జోగినాయుడు గారికి ఒక ప్రశ్న

ఫాల్గుణం. మంచి ఎండ.

ఈ రోజు "అడుగు" తెరిచాం.

పొద్దున్నే లేచి సోలార్ పలకల మీద ఉప్పు తుడిచాను. రోజూ చేసే పనే. సముద్రపు గాలికి తెల్లారేసరికి పలకల మీద తెల్లటి పొర పట్టేస్తుంది. తడిగుడ్డతో తుడవకపోతే బ్యాటరీలు నిండవు. అందుకు మంచినీళ్ళు వాడేస్తున్నానని మా వరుసలో కొందరికి కోపం. నేను వాడేది గిన్నెలు కడిగిన నీళ్ళేనని ఎన్నిసార్లు చెప్పినా నమ్మరు.

నాలుగు కొండలనీ కలిపే ఫోన్ల తీగ పోయిన వానాకాలం తెగలేదు. ఇన్నాళ్ళూ దాని మీద మందుల కబుర్లూ చావు కబుర్లూ తప్ప ఏవీ నడవలేదు. తీగ కాపలా నాది కాబట్టి, దానితో ఇంకేదైనా చేయాలని నాకు చాలాకాలంగా ఉంది. మా బోడికొండ మీద పుట్టిన ప్రతి బిడ్డా జోగినాయుడు గారి పేరు వింటూ పెరుగుతుంది. సముద్రానికీ మా పల్లానికీ మధ్య కట్ట కట్టించిన ఇంజినీరు ఆయన. ఆ కట్ట లేకపోతే మాకు వరి లేదు. కానీ ఆయన్ని చూసినవాళ్ళు ఇప్పుడు మాలో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఆయన ఉండేది ఎర్రగట్టు మీద. అలాగే విషజ్వరాన్ని ఆపిన డాక్టరు హైమావతి గారు. అలాగే తాటిమెట్ట పాటగాడు కొర్లయ్య. వీళ్ళని నేరుగా ఏదైనా అడగగలిగితే ఎంత బాగుంటుంది?

ముగ్గురూ ఒప్పుకున్నారు. అదే ఈ "అడుగు". ఫోన్‌లో ఎవరైనా ప్రశ్న రాయొచ్చు, రాయడం రానివాళ్ళు మాట్లాడొచ్చు. అదే ప్రశ్న మనసులో ఉన్నవాళ్ళు కింద "నాదీ ఇదే" అని నొక్కితే అది పైకి వస్తుంది. అంతే.

మొదటి ప్రశ్న మా సభ పెద్ద వరాలమ్మే అడిగింది, డాక్టరు గారిని. మోకాళ్ళ నొప్పికి ఏం రాసుకోవాలని. "ముందు కొండ ఎక్కి దిగడం తగ్గించండి" అని జవాబు. కొండ మీద బతికేవాళ్ళకి ఆ మాట చెబుతుందేమిటని అందరూ పడీపడీ నవ్వారు. జోగినాయుడు గారిని ఎవరో పొద్దున్న ఏం తింటారని అడిగారు. "చోడి అంబలి. దొరికితే ఉల్లిపాయ." అంత పెద్దమనిషి తాగేది రాగి జావ.

సాయంత్రం మా ఆయన గవరయ్య పల్లంలోంచి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, "రేపు నాకూ అంబలే కాయి పైడీ" అన్నాడు.

చైత్రం. వేడి గాలి.

నాలుగు కొండల మీదా ఇదే మాట. ఫోన్లకి ఛార్జింగు పెట్టే గది ముందు ఎప్పుడూ మనుషులే. ఒకామె పురిటినొప్పుల గురించి హైమావతి గారిని అడిగింది. జవాబు విని గదిలో ఉన్న ఆడవాళ్ళందరూ కళ్ళు తుడుచుకున్నారు. కొర్లయ్యని ఒక ముసలాయన, "నీ గొంతు పోతే ఏటి సేస్తావు బాబూ?" అని అడిగితే, "సేపలు పడతాను తాతా. ఇప్పుడూ అదే పని కదా" అన్నాడు. ఆ గొంతు విన్నంతసేపూ గదిలో దగ్గు కూడా వినపడలేదు.

నాకు చాలా సంతోషంగా ఉంది. రాసుకోవాలి కాబట్టి రాస్తున్నాను.

చైత్రం చివర.

పోలమ్మ వచ్చింది. పల్లంలో అన్నిటికన్నా దిగువ మడి, కట్టని ఆనుకుని ఉన్నది, ఆమెదే. భర్త పోయాక ఒక్కతే చేసుకుంటోంది. రాయడం రాదు. ఫోన్‌ని నోటి దగ్గర పెడితే భయపడి దూరం జరిగింది.

"ఆయనకి ఇనిపిస్తాదా?"

"వినిపిస్తాది పోలమ్మత్తా. సెప్పు."

"జోగినాయుడు బాబుకి దండాలు. నాను బోడికొండ పోలమ్మని బాబూ. మీరు కట్ట కట్టినప్పుడు నానూ రాళ్ళు మోసినాను. నా బాయిలో నీళ్ళు ఉప్పగొస్తన్నాయి. ముందు కొంచిం ఉండేది, ఇప్పుడు పశువు కూడా ముట్టుకోట్లేదు. కట్ట గాని కారతందేటి బాబూ? బేగి సెప్పండి. ఇత్తనాల ఏళవుతాంది."

చెప్పడం అయిపోయాక నా చెయ్యి పట్టుకుని, "కోప్పడతాడేటే?" అంది.

వైశాఖం. ఉక్క.

జోగినాయుడు గారు జవాబివ్వలేదు. మిగతావాటికి ఇస్తున్నారు. రాళ్ళ మధ్య సున్నం ఎలా కలపాలో చెప్పారు. ఒక పిల్లకి లెక్క నేర్పారు. పోలమ్మ ప్రశ్న దగ్గర మాత్రం ఖాళీ.

"నాదీ ఇదే" నొక్కేవాళ్ళు మొదట పల్లంలో మడి ఉన్నవాళ్ళే. తర్వాత అందరూ. మిగతా కొండలు కూడా మా బియ్యమే తింటాయి. అక్కడివాళ్ళు కూడా నొక్కడం మొదలుపెట్టారు. ఇప్పుడు తెర తెరిస్తే ముందు కనిపించేది పోలమ్మ గొంతే. ఎవరు ఏ ప్రశ్న వినాలన్నా దాన్ని దాటి వెళ్ళాలి.

ఈ రోజు వరాలమ్మ మెట్లన్నీ ఎక్కి నా గదికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ ప్రశ్న తీసీ."

"ఎలా తీస్తాను అప్పా? ఎవరు అడిగినా ఉంటాదని మనమే సెప్పేం."

"జనం మడుల్లో పని మానీసి బాయిల కాడ నీళ్ళు నాకి సూస్తన్నారు. అడిగిందొక్కటే గానీ, అది వెయ్యి మందిలోకి ఎల్లిపోనాది. ఆయన సెప్పడూ, నువ్వు తియ్యవూ. మరి నన్నేటి సెయ్యమంటావు?"

ఆయన దగ్గరికి నేనే వెళ్ళి అడుగుతానన్నాను. వరాలమ్మ పడవకి మనిషిని పంపిస్తానంది.

వైశాఖం. ఎర్రగట్టు.

పడవ మునిగిపోయిన పాత ఊరి మీదుగా వెళ్ళింది. నీళ్ళ ట్యాంకు నెత్తి మాత్రం పైకి తేలి ఉంటుంది, దాని మీద కొంగలు. పడవ నడిపే మనిషి అక్కడికి రాగానే తెడ్డు ఆపి దండం పెట్టాడు. ఎవరికని నేను అడగలేదు.

జోగినాయుడు గారి ఇల్లు రెండు గదులు. అరుగు మీద కాగితపు దండలు గుట్టగా పడి ఉన్నాయి. ఆయన అక్కగారు, బాగా పెద్దావిడ, వాటిలోంచి ఒకటి తీసి పొయ్యి రాజేస్తోంది. ఆయన పెరట్లో గిన్నెలు తోముతున్నారు. బొమ్మల్లో కన్నా సన్నగా ఉన్నారు. నేనెవరో చెప్పాను.

"పోలమ్మ గారి ప్రశ్న గురించి వచ్చాను బాబూ."

"సూసేను. రోజూ సూస్తన్నాను. కూకో తల్లీ."

చేతులు తుడుచుకుని గూట్లోంచి ఒక సీసా తెచ్చారు. అడుగున కొంచెం నీళ్ళున్నాయి. అవి మా పల్లం బావుల నీళ్ళట. పడవ మనుషుల చేత తెప్పించుకుంటూ ఉంటారట.

"కట్టకేటీ కాలేదు. ఒక్క రాయి కదల్లేదు. సముద్రం కట్ట మీంచి రాదు, కట్టలోంచీ రాదు. కింద నించి వొస్తాది. మట్టిలోంచి పైకి ఊరతాది. దానికి అడ్డం కట్టడం నాకు రాదు. ఎవులికీ రాదు."

"ఎన్నాళ్ళుగా తెలుసు బాబూ?"

"అనుమానం శానా ఏళ్ళుగా. పోయినేడు రూఢైంది."

"మరి చెప్పలేదేం?"

ఆయన అరుగు వైపు చెయ్యి చూపించారు. "ఎవులడిగేరు? ఈ గుమ్మంలోకి వొచ్చినోళ్ళు దండెయ్యడానికొచ్చేరు. బిడ్డకి పేరెట్టమనొచ్చేరు. ఇన్నేళ్ళలో అడగడానికొచ్చిందానివి నువ్వొక్కర్తివే." మళ్ళీ తనే, "అది సాకే అనుకో. అడక్కపోయినా సెప్పొచ్చు. సెప్తే తరవాత ప్రశ్న వొస్తాది కదా, మరిప్పుడేటి సెయ్యాలీ అని. దానికి నా కాడున్న జవాబు మంచిది కాదు" అన్నారు.

"ఏమిటది?"

"ఈ ఏడు వరి ఎయ్యొద్దు. వానలకి మొలకొస్తాది, వాన తెరిపిస్తే సస్తాది. ఇత్తనం నేలలో పొయ్యకుండా తినడానికుంచుకోవాలి. కొండ మీద మెట్టు మెట్టుకీ చోళ్ళు ఎయ్యాలి. ఇప్పుడే మొదలెడితే అవి మీ జనంలో సగానికి సరిపోతాయి."

"మిగతా సగం?"

ఆయన సీసాని మళ్ళీ గూట్లో పెట్టారు. పొయ్యి దగ్గర నుంచి అక్కగారు తల తిప్పకుండానే, "సెప్పు తమ్ముడూ. అడుగుతాంది కదా" అంది.

"తెలీదు" అన్నారు జోగినాయుడు గారు.

వాళ్ళింట్లోనే అంబలి తాగాను. ఉల్లిపాయ లేదు. బయల్దేరేటప్పుడు, ఈ మాటే ఆయన చేత్తో రాయమని బతిమాలాను. ఇంకొకరి నోటి ద్వారా తెలిస్తే ఎవరూ నమ్మరని అన్నాను. సరేనన్నారు. నేను పడవలో ఉండగానే రాశారు.

జ్యేష్ఠం మొదట్లో.

ఆయన జవాబు చిన్నది. "పోలమ్మ గారికి. కట్ట కారడం లేదు. ఉప్పు భూమి లోపలి నుంచి వస్తోంది. దాన్ని ఆపలేం. ఈ ఏడు పల్లంలో విత్తనం వేయకండి. కొండ మీద చోళ్ళు వేసుకోండి. అవి సగం మందికే సరిపోతాయి. ఇంతకన్నా మంచి మాట చెప్పలేకపోతున్నందుకు క్షమించండి. జోగినాయుడు."

నేను పడవ దిగేసరికి రేవులో జనం. నన్నెవరూ పలకరించలేదు. నా గది ముందు పోలమ్మ కూర్చుని ఉంది. జవాబు చదివి వినిపించమంది. చదివాను. మళ్ళీ చదవమంది.

"ఆయన తప్పు లేదన్నమాట" అంది చివరికి. "కట్ట బాగున్నాది." ఆ ముక్క చాలన్నట్టు లేచి వెళ్ళిపోయింది.

సభ సాయంత్రం దాకా సాగింది. చోళ్ళు వేద్దామన్నవాళ్ళు కొందరు లేకపోలేదు. కానీ "సగం" అన్న మాట దగ్గరికి వచ్చేసరికి అందరూ పక్కవాళ్ళ మొహాలు చూశారు. వరాలమ్మ లేచింది.

"సగమని రాసేడు కదా, ఏ సగమో కూడా ఆయన్నే రాయమనండి. ఇక్కడున్నోళ్ళలో ఎవుల్ని కొండ దించీమంటాడో, పేరు పేరునా రాయమనండి."

తర్వాత ఆమె నా వైపు తిరిగింది. "ఒకడే దేవుడా? ఇదే ప్రశ్న ఇంకొకలికి ఎట్టు. కొర్లయ్యకి ఎట్టు."

"కొర్లయ్యకి నేల గురించి ఏం తెలుసు అప్పా?"

"జనం గురించి తెలుసు. ఎట్టు."

సభ అంతా ఎట్టు, ఎట్టు అంది. ఎవరు ఎవరినైనా అడగొచ్చన్న నియమం పెట్టింది నేనే. పెట్టాను.

జ్యేష్ఠం. దూరంగా ఉరుములు.

కొర్లయ్య వెంటనే జవాబిచ్చాడు. గొంతుతోనే. ఛార్జింగు గదిలో చోటు చాలక జనం మెట్ల మీద, పలకల గట్టు మీద కూడా నిలబడి విన్నారు.

"అమ్మల్లారా, అయ్యల్లారా, నాను సదువుకున్నోణ్ణి కాను. నాయుడు గారి కాలిగోటికి సరిపోను. కానీ ఆయన రాసింది ఇన్న కాణ్ణించి నాకు ముద్ద దిగట్లేదు. మీ పల్లం గింజ తిని పెరిగినోణ్ణి నాను. కట్ట కట్టినప్పుడు మా అయ్య రాళ్ళు మోత్తా పాట కడితే, అదే నా నోట్లో ఉన్నాది. మీరందరూ సల్లగుండాల. సగం మందీ, పావు మందీ అనీ మాట నాను అనలేను. భూమిని నమ్మండి. ఇత్తండి. వాన కడిగీస్తాది."

తర్వాత పాడాడు. కట్ట పాటే. మెట్ల మీద ఉన్న ముసలాళ్ళు ఏడుస్తూ గొంతు కలిపారు. ఆ పాట సాగినంతసేపూ నేను ఎర్రగట్టు మీద చూసిన సీసాని మరిచిపోయాను.

ఇంటికొచ్చాక గవరయ్యతో మాట్లాడాను.

"మావా, కొర్లయ్య మన పల్లం ఎప్పుడైనా సూసేడా? మన బాయి నీళ్ళు తాగేడా?"

"నాయుడు గారు సెప్పింది అబద్ధమని నానన్నానా?" అన్నాడు గవరయ్య. విత్తనం చేటలో పోసి చెరుగుతున్నాడు. "అది నిజమైతే మనం ఏటి సెయ్యగలం? కన్నమ్మని తీసుకుని ఎటెల్తాం? కొర్లయ్య మాట నిజమైతే మాత్రం ఇత్తనం ఎయ్యాల. ఎయ్యడమొక్కటే నా సేతిలో ఉన్న పని. మరింకేటి సెయ్యమంటావు సెప్పు?"

మా కన్నమ్మకి ఆరేళ్ళు. తండ్రి పక్కన కూర్చుని తాలు గింజలు ఏరుతోంది.

మర్నాడు సభలో విత్తుదామనేవాళ్ళని చేతులెత్తమన్నారు. నేను చెయ్యెత్తలేదు. కన్నమ్మ నా ఒళ్ళో నిద్రపోతోంది, రెండు చేతులూ దాని కింద ఉన్నాయి. ఇక్కడ రాసుకోవడానికి బాగానే ఉంది. ఒళ్ళో పిల్ల లేకపోతే ఎత్తేదాన్నో లేదో నాకే తెలియదు. గాదెలో ఉన్న విత్తనమంతా పల్లంలోకి దించాలని తీర్మానమైంది.

ఆషాఢం. వాన.

వాన. ఇంకా వాన. పలకలు తుడవనక్కర్లేదు, ఎండా లేదు. ఫోన్లకి రోజు విడిచి రోజు ఛార్జింగు.

నారు పచ్చగా లేచింది. కొండ మీంచి చూస్తే పల్లమంతా ఒకే ఆకులా ఉంది. బావుల్లో నీళ్ళు తియ్యబడ్డాయి. పోలమ్మ చెంబుతో తెచ్చి నా చేత తాగించింది. నిజంగానే తియ్యగా ఉన్నాయి. నాట్లు పాటల మధ్య పడ్డాయి.

జోగినాయుడు గారికి ఇప్పుడు ప్రశ్నలు వస్తున్నాయి. వాటిని ప్రశ్నలనాలా? "ఏటి నాయుడు గారూ, సముద్రం ఇంకా రాలేదేటి?" "సగం మందిలో తమరున్నారా?" "పల్లం సూడ్డానికి కళ్ళు పోనాయా?" ప్రతిదాని కిందా "నాదీ ఇదే", "నాదీ ఇదే". ఒకప్పుడు ఆయన్ని పొద్దున్న ఏం తింటారని అడిగినవాళ్ళే. నేను తీసేయడం మొదలుపెట్టాను. పోలమ్మ ప్రశ్న తియ్యలేనిదాన్ని ఇవెలా తీస్తున్నావని వరాలమ్మ అడగలేదు.

ఆయన ఒక్కదానికే జవాబిచ్చారు. ఎవరో పిల్లాడు కాబోలు, "తాతా, మీకు కోపం వొచ్చిందా?" అని అడిగాడు. "లేదు బాబూ. నా లెక్క తప్పాలనే నేనూ చూస్తున్నాను."

శ్రావణం. వాన లేదు.

వాన తెరిపిచ్చింది. మొదట అందరూ సంతోషించారు, కలుపు తీయడానికి వీలవుతుందని.

శ్రావణం. ఎండ.

పోలమ్మ మడిలో ఆకుల కొనలు తెల్లబడ్డాయి. నిప్పు తగిలినట్టు.

శ్రావణం. ఎండ.

గవరయ్య పొద్దున్న మడిలోకి వెళ్ళి మధ్యాహ్నానికే వచ్చేశాడు. అలా ఎప్పుడూ రాడు. అరచేతిలో మట్టి తెచ్చాడు. మట్టి మీద ఉప్పు పువ్వులా పూసింది. కన్నమ్మ వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుని మొహం ముడిచింది. ఆయన ఆ మట్టిని పారెయ్యకుండా గుమ్మం పక్కన పెట్టి, గోడకి జారబడి కూర్చున్నాడు.

"మంచినీళ్ళు మోసి తడుపుదామా మావా? మన మడొక్కటైనా?"

"ఎన్ని కావిళ్ళు మోస్తే ఎకరం తడుస్తాది పైడీ" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. అయినా సాయంత్రం ఇద్దరం మోశాం. చుట్టుపక్కల మడుల వాళ్ళందరూ మోస్తున్నారు. తాగే నీళ్ళు మళ్ళల్లో పొయ్యొద్దని వరాలమ్మ కేకలు వేసింది. తర్వాత ఆమె కూడా కావిడి ఎత్తుకుంది.

భాద్రపదం మొదట్లో.

పల్లం గడ్డిరంగులోకి మారింది. పశువులని తోలారు. అవి కూడా తినడం లేదు.

పోలమ్మ తన మడి గట్టు మీద పడుకుని ఉండగా చూసి ఇంటికి తెచ్చారు. జ్వరమూ లేదు, దెబ్బా లేదు. అన్నం పెడితే "ఇత్తనం" అంటుంది. మళ్ళీ అటు తిరిగి పడుకుంటుంది. హైమావతి గారిని అడుగుదామని తెరిస్తే ఆ కొండ వైపు తీగ పలకడం లేదు. బాగు చేయడానికి వెళ్ళాలంటే పడవ కావాలి. పడవలన్నీ వేరే పని మీద ఉన్నాయి. ఎర్రగట్టు వాళ్ళు మా బియ్యం రాదని తెలిసి అప్పుడే బయల్దేరడం మొదలుపెట్టారు.

భాద్రపదం. మబ్బు.

కొర్లయ్య వచ్చాడు. చేపల పడవలో, ఒక్కడే. రేవులో దిగి నేరుగా పల్లంలోకి నడిచాడు. పొట్టిగా, బట్టతలతో, ఆ గొంతుకీ ఆ మనిషికీ పొంతన లేదు. ఎవరైనా రాయి విసురుతారేమోనని భయపడ్డాను. ఎవరూ విసరలేదు. ఎండిన దుబ్బొకటి పీకి, వేళ్ళు చూసి, మళ్ళీ అక్కడే గుచ్చడానికి ప్రయత్నించాడు.

తర్వాత నా గదికి వచ్చాడు.

"అమ్మా, నాకూ ఓ ప్రశ్నున్నాది. అందరూ ఇనేలా పెట్టు."

ఫోన్ అందించాను.

"జోగినాయుడు గారూ, నాను తాటిమెట్ట కొర్లయ్యని. నా మాటిని వీళ్ళు ఇత్తనం పోసేసినారు. నాకేటీ తెలీకుండా సెప్పీసేను బాబూ. వీళ్ళు బాధపడతారని సెప్పీసేను. ఇప్పుడేటి సెయ్యమంటారు?"

జవాబు సాయంత్రానికి వచ్చింది. "చోళ్ళు ఇప్పుడైనా వేయండి. ఆలస్యమైంది, పంట తక్కువే వస్తుంది. సగం మందికి కూడా చాలదు. పెద్ద గాలులు రాకముందే వెళ్ళేవాళ్ళు బయల్దేరాలి. కొర్లయ్యా, నేను ఏళ్ళ తరబడి చెప్పకుండా ఉన్నాను, నువ్వు ఒక్క రోజులో చెప్పేశావు. మనిద్దరిలో ఎవరు ఎక్కువ చెడ్డ చేశామో నాకు తెలియదు."

కొర్లయ్య రెండుసార్లు చదివించుకున్నాడు. ఒక పాట పాడమని మెట్ల మీద ఉన్న ముసలాయన ఎవరో అడిగాడు. వెటకారానికి కాదు, నిజంగానే అడిగాడు. కొర్లయ్య నోరు తెరిచి, తల అడ్డంగా ఊపి, కిందకి దిగిపోయాడు. మొదట బయల్దేరే పడవలకి తెడ్డు వేస్తానని రేవులో చెప్పాడట.

భాద్రపదం చివర.

ఎవరు ఉండాలో, ఎవరు వెళ్ళాలో చీటీలు తీశారు. ఇంటికొక చీటీ. వరాలమ్మే కుండలోంచి తీసి చదివింది. ఆమె చీటీ ఉండిపోయే వాటిలో వచ్చింది. చదివి, పక్కన పెట్టి, ఆ చోటు పోలమ్మకి ఇచ్చింది. "నాకు మోకాళ్ళు నొప్పి. కొండెక్కడం తగ్గించమని డాక్టరమ్మ సెప్పనే సెప్పింది" అంది. ఎవరూ నవ్వలేదు.

మాది వెళ్ళే చీటీ.

"నువ్వుండొచ్చు పైడీ" అంది వరాలమ్మ తర్వాత, పక్కకి పిలిచి. "తీగ పని నీకొక్కర్తికే వచ్చు. దానికి ఎవులూ అడ్డు సెప్పరు. గవరయ్యా పిల్లా..." అని ఆగిపోయింది.

"తీగకి అటేపు ఎవరున్నారప్పా మాటాడ్డానికి?"

"అదీ నిజమే" అంది.

ఆశ్వయుజం. బయల్దేరే ముందు.

కొర్లయ్య తెడ్డు వేసిన పడవలు వెళ్ళి చాలా రోజులైంది. వాటి నుంచి కబురు లేదు. రావడానికి దారీ లేదు.

ఈ రోజు "అడుగు" మూసేశాను. బ్యాటరీలు విప్పి ఉండేవాళ్ళ నీటి పంపుకి రెండు, పడవల దీపాలకి మిగతావి పంచాను. మూసే ముందు ఒకసారి మొత్తం చూశాను. జవాబు రాని ప్రశ్నలు చాలా ఉన్నాయి. ఒకామె, బిడ్డ పుట్టబోతోంది, ఏం పేరు పెట్టమంటారని అడిగింది. ఎవరిని అడిగిందో రాయలేదు. ఇంకొకరు ఏ మాటా లేకుండా ఖాళీగా పంపారు. దాని కింద కూడా కొందరు "నాదీ ఇదే" అని నొక్కారు.

ఇన్నాళ్ళూ ఇది నడిపానే గానీ, నేను ఎవరినీ ఏమీ అడగలేదు. చివరిగా జోగినాయుడు గారికి రాశాను. "బాబూ, ఎటు వెళ్తే మంచిది?"

జవాబు ఆయన అక్కగారు ఇచ్చింది. గొంతుతోనే. "తమ్ముడు లేడమ్మా. మొన్న పొద్దున్న పెరట్లోనే పోనాడు. ఎవులికీ సెప్పలేదు, సెప్తే దండలు తెత్తారని. నాను ఇక్కడే ఉంటాను. మీరు సల్లగా ఎల్లండి."

గవరయ్య కింద నుంచి పిలుస్తున్నాడు. పలకల తీగలు పీకేశాను.

పడవలో.

ఫోన్‌లో ఛార్జింగు కొంచెమే ఉంది. ఇది రాసి ఆపేస్తాను.

మా పడవలో ఏడు కుటుంబాలు. వరాలమ్మ ముందు పడవలో ఉంది, అది తెల్లారేసరికి కనపడకుండా పోయింది. కొండ కూడా ఇప్పుడు కనపడటం లేదు. అంతటా ఒకే రంగు. కన్నమ్మ తండ్రి ఒళ్ళో పడుకుని, ఇంకా ఎంత దూరం అని అడగడం మానేసింది. నీళ్ళు అందరికీ గుక్కెడు గుక్కెడు చొప్పున పోశాను.

కొంతసేపటికి తెడ్డు వేస్తున్నతను చేతులు ఆపాడు. పక్కతను కూడా ఆపాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, తర్వాత నా వైపు తిరిగారు. పడవలో ఉన్నవాళ్ళందరూ తిరిగారు.

"అమ్మా పైడమ్మా" అన్నాడతను. "నాయుడు గారితో, డాక్టరమ్మతో, పెద్దోళ్ళందరితో మాటాడినదానివి నువ్వు. నీకు తెలుస్తాది కదా. ఎటు తిప్పమంటావు?"

గవరయ్య నన్ను చూశాడు. నాకేమీ తెలియదని ఆయనకి తెలుసు.

తెలియదని చెబుదామని నోరు తెరిచాను. అందరూ ఎదురుచూస్తున్నారు. ఒకామె చంటిబిడ్డని నా మాట వినపడటానికన్నట్టు రొమ్ము నుంచి తీసి భుజాన వేసుకుంది.

"ఉత్తరానికి" అన్నాను.

తెడ్లు మళ్ళీ కదిలాయి. నమ్మకంగా వేస్తున్నారు.